పశువుల సోలార్ ఫెన్సింగ్: ఏ వైరు కొనాలి, ఎన్ని కిలోలు కొనాలి, ఎలా కట్టాలి

"ఫెన్సింగ్‌కు ఎన్ని గేజీల వైరు తీసుకోవాలి?" అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. హైదరాబాద్ దగ్గర చేవెళ్ల, శంకర్‌పల్లి, యాచారం వైపు రెండు మూడు ఎకరాలు కొని గేదెలనో మేకలనో పెట్టుకున్నవాళ్లు చాలామంది ముందు కంచెకు దెబ్బ ఇచ్చే సోలార్ మిషన్ కొనేసి, ఆ తర్వాత వైరు గురించి ఆలోచిస్తున్నారు. మిషన్ ఎంత మంచిదైనా దెబ్బ పశువు దాకా చేరాల్సింది వైరు మీదుగానే.

ముందుగా ఒక మాట. ఇది పల్స్ ఇచ్చే మిషన్, అంటే మనవాళ్లు ఝట్కా మిషన్ అనేదానితో నడిచే కంచె గురించి మాత్రమే. అది దాదాపు సెకనుకోసారి, కన్నుమూసి తెరిచేలోపు అయిపోయే చిన్న దెబ్బ వేస్తుంది. మోటారు స్టార్టర్ నుంచో కరెంటు స్తంభం నుంచో నేరుగా తీగకు కరెంటు ఇవ్వడం ప్రాణాలు తీసే పని, నేరం కూడా. అలా పెట్టిన తీగలకు తగిలి పశువులే కాదు, పొలానికి నీళ్లు పెట్టడానికి వెళ్లిన సొంత మనుషులే చనిపోయారు. ఆ ఆలోచన ఉంటే ఇక్కడే మానేయండి.

## 1. షాపుకు వెళ్లే ముందు కాగితం మీద పెట్టాల్సినవి

వైరు ఎంపిక నాలుగు విషయాల మీద ఆధారపడుతుంది. ఇవి తెలియకుండా షాపుకు వెళ్తే, వాళ్ల దగ్గర ఏది ఎక్కువ ఉంటే అదే మనకు "బెస్ట్" అవుతుంది.

- లోపల ఉండేవి ఏవి? గేదెలు, ఆవులు, గొర్రెలు, మేకలు, లేదా అన్నీ కలిపా?
- చుట్టుకొలత ఎంత? టేపుతో నడిచి కొలవండి. పాస్‌బుక్‌లో ఎకరాలు చూసి అంచనా వేయొద్దు.
- నేల ఎలాంటిది? నల్లరేగడా, ఎర్రనేలా, మొరమా, అడుగు లోతులో బండ తగిలేదా?
- కంచె శాశ్వతమా, లేక మేత కోసం వారానికోసారి జరిపేదా?

చుట్టుకొలత గురించి ఎందుకు గట్టిగా చెబుతున్నానంటే, చతురస్రంగా ఉన్న ఐదెకరాల చుట్టూ సుమారు 570 మీటర్లు వస్తుంది. అదే రెండెకరాలు 30 మీటర్ల వెడల్పుతో పొడుగ్గా ఉంటే 600 మీటర్లు! నగరం చుట్టుపక్కల ముక్కలు చేసి అమ్మిన భూములు ఎక్కువగా ఇలా పట్టీల్లాగే ఉంటాయి.

## 2. బజారులో దొరికే వైర్లు, ఏది ఎందుకు పనికొస్తుంది

మెత్తటి జీఐ (జింకు పూత వేసిన ఇనుప) వైరు. అందరికీ తెలిసినది. చేత్తో వంగుతుంది, ముడి సులువు, ధర తక్కువ. కానీ గేదె ఒకసారి ఒరుసుకుంటే సాగుతుంది, సాగిన వైరు మళ్లీ వెనక్కి రాదు. ఏడాదికి రెండు మూడుసార్లు బిగించుకునే ఓపిక ఉంటే, చుట్టు చిన్నదైతే వాడొచ్చు.

హై టెన్సైల్ జీఐ వైరు. స్ప్రింగులా గట్టిగా ఉంటుంది. అదే మందంలో మెత్తటి వైరు కంటే రెట్టింపుకు పైగా లాగుడు తట్టుకుంటుంది. పశువు తోసినా మళ్లీ తన స్థానానికి వస్తుంది. కడీల (కంచె స్తంభాల) మధ్య దూరం కాస్త ఎక్కువ పెట్టుకోవచ్చు కాబట్టి, వైరుకు పెట్టిన అదనపు డబ్బు కడీల దగ్గర కొంత మిగులుతుంది. శాశ్వత కంచెకు నా ఓటు దీనికే, 2.5 మిల్లీమీటర్లది.

క్లచ్ వైరు. సన్నటి పోగులు మెలిపెట్టిన వైరు. ఝట్కా మిషన్‌తో పాటు దీన్నే చాలామంది అంటగడతారు. కట్టడం నిజంగానే తేలిక. అయితే మందం పైకి కనిపించినంత ఉండదు, పోగుల మధ్య ఖాళీ ఉంటుంది. పోగుల సందుల్లో నీళ్లు నిలిస్తే జీఐ రకం లోపల్నుంచి తుప్పు పడుతుంది, బయటికి కనిపించదు. అర ఎకరం పెరడుకైతే సరే.

పాలీ వైరు, పాలీ టేపు. ప్లాస్టిక్ దారాల్లో సన్నటి లోహపు పోగులు అల్లినవి. జరిపే కంచెకు ఇంతకంటే మంచిది లేదు, రీలుకు చుట్టేసి చంకలో పెట్టుకుని పోవచ్చు. కానీ ఇందులో కరెంటుకు అడ్డు చాలా ఎక్కువ. 2.5 మిల్లీమీటర్ల ఉక్కు వైరుకు కిలోమీటరుకు సుమారు 35 ఓములైతే (ఓము అంటే ఆ అడ్డుకు కొలత), ఒట్టి స్టెయిన్‌లెస్ పోగులున్న చవక పాలీ వైరుకు అది వేలల్లోకి పోతుంది. రాగి పోగులు కలిసినది అడిగి తీసుకోండి. చుట్టు కంచె మొత్తం దీంతో కట్టకండి.

అల్యూమినియం వైరు. కరెంటు బాగా పారుతుంది, బరువు తక్కువ. లాగుడు తట్టుకోదు. గేదెలున్న చోట వద్దు.

ముళ్ల తీగ. దీనికి పల్స్ ఇవ్వనే ఇవ్వకూడదు. మామూలు తీగ తగిలిన పశువు ఉలిక్కిపడి వెనక్కి పోతుంది. ముళ్లలో చిక్కుకున్న పశువు పోలేదు, దెబ్బ మీద దెబ్బ తింటూనే ఉంటుంది. మనిషైనా అంతే. పాత ముళ్ల కంచె ఉంటే ఉండనివ్వండి, దానికి కరెంటు తగలకుండా కనీసం 15 సెంటీమీటర్లు ఎడంగా వేరే సాదా వైరు లాగండి.

బైండింగ్ వైరు గురించి కూడా అడుగుతున్నారు. అది సెంట్రింగ్ పనికి. జింకు పూత ఉండదు, ఒక వానాకాలానికే ఎర్రబడుతుంది.

## 3. గేజీ అడగకండి, మిల్లీమీటర్లు అడగండి

ఇది నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నది. మొదటిసారి కంచె వేసినప్పుడు ఒక షాపులో "పన్నెండు గేజీ ఇవ్వండి" అన్నాను. కట్టలు ఆటోలో వేసి పంపారు. కట్టాక మిషన్ దగ్గర కంచె వోల్టేజీ కొలిచే మీటరు ఆరు వేల వోల్టులు చూపిస్తోంది, దూరపు మూలలో పదిహేను వందలు దాటడం లేదు. మేకలు ఆ మూల నుంచే పోయి పక్కవాళ్ల వంకాయ తోట మేసొచ్చాయి. చివరికి మందం కొలిచే వేర్నియర్ తెచ్చి పట్టి చూస్తే వైరు రెండు మిల్లీమీటర్లే.

తిరిగి వెళ్లి అడిగితే, "అన్నా, మా కంపెనీ పన్నెండు ఇదే" అన్నాడు ఆ కుర్రాడు. నా దగ్గర బిల్లు మీద రాసింది "12 గేజీ" అనే మాట ఒక్కటే. దాన్ని పట్టుకుని వాదించడానికి ఏమీ లేదు.

గేజీలో గొడవ ఏమిటంటే, నంబరు పెరిగే కొద్దీ వైరు సన్నబడుతుంది. పైగా బ్రిటిష్ లెక్క వేరు, అమెరికా లెక్క వేరు. బ్రిటిష్ లెక్కలో 12 గేజీ అంటే 2.64 మిల్లీమీటర్లు, 14 అంటే 2.03, 16 అంటే 1.63. ఇంటర్నెట్‌లో ఫెన్సింగ్ వీడియోల్లో చెప్పే "పన్నెండున్నర గేజీ" అమెరికా లెక్క, అది సుమారు 2.5 మిల్లీమీటర్లు.

మందంలో కొంచెం తేడాయే కదా అనిపిస్తుంది. 1.6 మిల్లీమీటర్ల వైరుకు కిలోమీటరుకు సుమారు 85 ఓముల అడ్డు, 2.5కు 35. అంటే రెండున్నర రెట్లకు దగ్గర.

నా లెక్క ఇది:

- చుట్టుకొలత 300 మీటర్ల లోపు, గేదెలు, ఆవులు మాత్రమే: 2 మిల్లీమీటర్లు చాలు.
- అంతకు మించితే, లేదా మేకలు, గొర్రెలు ఉంటే: 2.5 మిల్లీమీటర్లు.
- 1.6 మిల్లీమీటర్లు: లోపల చిన్న దొడ్లకు, లేగదూడల గడికి.

బిల్లు మీద మిల్లీమీటర్లు, హై టెన్సైలా మెత్తటిదా అన్నది రాయించుకోండి.

## 4. ఎన్ని కిలోలు కావాలి

మన దగ్గర వైరు కిలోల్లో అమ్ముతారు, కంచె మీటర్లలో ఉంటుంది. ఈ మూడు అంకెలు ఫోనులో రాసి పెట్టుకోండి:

- 2.5 మి.మీ.: కిలోకు సుమారు 26 మీటర్లు
- 2 మి.మీ.: కిలోకు సుమారు 40 మీటర్లు
- 1.6 మి.మీ.: కిలోకు సుమారు 63 మీటర్లు

చుట్టుకొలతను లైన్ల సంఖ్యతో గుణించి, పై అంకెతో భాగించండి. ముడులకు, కోతలకు పది శాతం కలపండి. 570 మీటర్ల చుట్టుకు నాలుగు లైన్లంటే 2,280 మీటర్లు. 2.5 మిల్లీమీటర్ల వైరైతే 88 కిలోలు, పది శాతం కలిపి 97.

కిలో ధర చూసి రెండు షాపులను పోల్చొద్దు. సన్న వైరు కిలోకు ఎక్కువ మీటర్లు వస్తుంది కాబట్టి చవకగా కనిపిస్తుంది. ఒకే మందం వైరు మీటరుకు ఎంత పడిందో చూడండి.

## 5. వైరు మంచిదో కాదో ఇంట్లోనే చూసుకోవడం

సికింద్రాబాద్ రాణిగంజ్‌లో తీసుకున్నా, మండలంలో తీసుకున్నా, మొత్తం కొనే ముందు ఒక పది మీటర్ల ముక్క అడిగి తెచ్చుకోండి. మూడు పరీక్షలు, గంట పని.

తూకం. టేపుతో సరిగ్గా పది మీటర్లు కోసి, వంటింటి డిజిటల్ త్రాసు మీద చుట్టగా పెట్టండి. 2.5 మిల్లీమీటర్లదైతే 385 గ్రాముల దరిదాపుల్లో రావాలి. 250 చూపిస్తే మీ చేతిలో ఉన్నది రెండు మిల్లీమీటర్లది. వేర్నియర్ లేకపోయినా ఈ పరీక్ష మోసపోనివ్వదు.

చుట్టి చూడటం. మెత్తటి వైరును దాని మందమే ఉన్న మేకు చుట్టూ బిగించి నాలుగు చుట్లు తిప్పండి. హై టెన్సైల్ అయితే కొంచెం లావు మేకు తీసుకోండి. పూత పొట్టులా రాలితే ఆ వైరు వద్దు.

మైలుతుత్తం పరీక్ష. బోర్డో మిశ్రమం కోసం కొనే మైలుతుత్తమే (కాపర్ సల్ఫేట్). గాజు గ్లాసులో నీళ్లు పోసి, ఇక కరగనంత వరకు తుత్తం కలిపి, తేరిన నీలి నీళ్లు వేరే గ్లాసులోకి వంచండి. వైరు ముక్కను పెట్రోలు గుడ్డతో జిడ్డు పోయేలా తుడిచి, ఒక నిమిషం ముంచి తీసి, నీళ్ల కింద కడిగి గుడ్డతో రుద్దండి. నల్లగా మసిలా వచ్చింది చెరిగిపోతే భయం లేదు, అది జింకు పని. రుద్దినా పోని మెరిసే రాగి రంగు మచ్చ వస్తే అక్కడ పూత అయిపోయి ఇనుము బయటపడిందని అర్థం. కోసిన కొస ఎలాగూ ఎర్రబడుతుంది, దాన్ని వదిలేయండి.

ఒక్క ముంపుకే ఒళ్లంతా రాగి రంగు వచ్చిన వైరు రెండు మూడు వానాకాలాల సరుకు. మూడు నాలుగు ముంపులు తట్టుకున్నదాన్ని ధర కాస్త ఎక్కువైనా తీసుకోండి. చేతికి గ్లౌజులు వేసుకోండి, ఆ గ్లాసును మళ్లీ తాగడానికి వాడకండి. ఆ నీళ్లు చెరువులోనో బావి దగ్గరో పారబోయకండి.

## 6. ఎన్ని లైన్లు, ఏ ఎత్తులో

- గేదెలు, ఆవులు: మూడు లైన్లు. నేల నుంచి 45, 75, 105 సెంటీమీటర్లు.
- గొర్రెలు, మేకలు: ఐదు లైన్లు. కింది లైను 15 నుంచి 20 సెంటీమీటర్లు, పైకి పోయే కొద్దీ ఎడం పెంచుకోవచ్చు. పై లైను కనీసం 100.
- కలిపి పెంచితే: మేకల లెక్కే.

మేక తల దూర్చగలిగితే ఒళ్లంతా దూరుస్తుంది. గొర్రెకు ఉన్ని అడ్డు, ముక్కుకు తగిలితేనే దెబ్బ. కాబట్టి కింది మూడు లైన్ల ఎడం దగ్గర కక్కుర్తి పడొద్దు. గేదెలకు వోల్టేజీ మీటరు మీద మూడు వేల వోల్టులు కనిపిస్తే చాలు, మేకలు, గొర్రెలకు నాలుగు వేలకు తగ్గకూడదు.

లైన్లన్నీ ఒకే పొడవైన వైరులా పాములా చుట్టి పైకి తీసుకుపోయేవాళ్లున్నారు. పెద్ద తప్పు. 570 మీటర్ల చుట్టుకు 1.6 మిల్లీమీటర్ల వైరుతో నాలుగు లైన్లు అలా కడితే చివరికి పోయేసరికి 190 ఓములు దాటుతుంది. అదే నాలుగు లైన్లనూ రెండు కొసల్లో నిలువుగా కలిపేస్తే 12 ఓములే. వైరు అదే, ఖర్చు అదే.

## 7. ఎర్తింగ్‌కు కూడా వైరు కావాలి

హైదరాబాద్ చుట్టూ ఉన్నది ఎక్కువగా బండనేల, దాని మీద పల్చటి ఎర్రమట్టి, మొరం. వానాకాలంలో కంచె బ్రహ్మాండంగా పనిచేస్తుంది. మార్చి దాటాక "మిషన్ పాడైంది" అని ఫోన్లు మొదలవుతాయి. చాలాసార్లు మిషన్‌కు ఏమీ కాదు. దెబ్బ వైరు నుంచి పశువులోకి, కాళ్ల నుంచి నేలలోకి, నేల నుంచి ఎర్త్ రాడ్డుకు తిరిగి చేరాలి. ఎండిన మొరం ఆ దారి మూసేస్తుంది.

దీనికి మందు వైరులోనే ఉంది. లైన్లన్నిటికీ కరెంటు ఇవ్వకుండా ఒకటి విడిచి ఒకటి ఎర్త్ లైను, అంటే ఎర్త్ రాడ్డుకు కలిపిన లైను చేయండి. ఐదు లైన్లుంటే కింద నుంచి 1, 3, 5 కరెంటు, 2, 4 ఎర్త్. అప్పుడు కొసల్లో కలిపేటప్పుడు కరెంటు లైన్లను వాటితోనే, ఎర్త్ లైన్లను వాటితోనే కలపాలి. పశువు రెండిటినీ ఒకేసారి తాకితే నేలతో పని లేకుండానే దెబ్బ తగులుతుంది. ఎర్త్ లైనుకూ అదే మందం వైరు వాడండి. "అది ఎర్తే కదా" అని సన్నది వేస్తే వచ్చిన దారిలో మిగిల్చినదంతా తిరుగుదారిలో పోతుంది. వానాకాలంలో కావాలంటే ఒక స్విచ్‌తో ఆ లైన్లను కూడా కరెంటు వైపు మార్చుకోవచ్చు. అందుకే వాటికీ ఇన్సులేటర్లు (కరెంటు కడీలోకి పోకుండా ఆపేవి) పెట్టాలి.

రాడ్లు మూడు, ఆరడుగులవి, పదడుగుల ఎడంతో, వీలైతే ఎప్పుడూ తడి ఉండే చోట. నీళ్ల తొట్టి పొర్లే జాగా భేషుగ్గా పనికొస్తుంది. బోరు మోటారు ఎర్తింగ్‌కూ ఇంటి ఎర్తింగ్‌కూ కనీసం పది మీటర్ల దూరం ఉంచండి.

ఎర్త్ సరిగ్గా ఉందో లేదో చూసే పద్ధతి: మిషన్‌కు వంద మీటర్ల అవతల, మిషన్ ఆపి, రెండు మూడు ఇనుప కడ్డీలు నేలలో దిగ్గొట్టి కరెంటు లైనుకు ఆనించండి. మిషన్ వేసి చూస్తే కంచె వోల్టేజీ రెండు వేల లోపుకు పడిపోవాలి, పడకపోతే ఇంకో కడ్డీ కలపండి. అప్పుడు చివరి ఎర్త్ రాడ్డుకూ, దానికి మీటరు దూరంలో గుచ్చిన చిన్న కడ్డీకీ మధ్య వోల్టేజీ మీటరు పెట్టండి. 300 వోల్టులు దాటితే ఇంకో రాడ్డు వేయాలి.

## 8. విప్పడం, బిగించడం, ముడి

హై టెన్సైల్ కట్టను నేల మీద పెట్టి కట్లు కోశారో, పాములా లేచి మొహానికి కొడుతుంది. కళ్లద్దాలు, గ్లౌజులు తప్పనిసరి. తిరిగే స్టాండు మీద పెట్టి, లోపలి కొస కాకుండా బయటి కొస పట్టుకుని నడవండి. స్టాండు లేకపోతే పాత సైకిల్ చక్రం అడ్డంగా బిగించి చేసుకోవచ్చు.

1. మూల కడీలకు ముందు ఊత కడీలు పెట్టి, సిమెంటు ఆరనివ్వండి. వారం ఆగండి.
2. ఇన్సులేటర్లన్నీ బిగించాకే వైరు లాగండి. రాతి కడీ ఎండగా ఉన్నప్పుడు కరెంటు పోనివ్వదు కానీ తడిస్తే పోనిస్తుంది. నేరుగా కడీకి చుట్టొద్దు.
3. ముందు పై లైను, తర్వాత కింది లైను, ఆ పైన మధ్యవి.
4. మధ్య కడీల దగ్గర వైరు ఇన్సులేటర్‌లో జారేలా వదలండి. బిగించేది మూలల్లోనే.
5. ప్రతి లైనుకు ఒక టైట్‌నర్, వీలైతే ఒక స్ప్రింగు.

ఎండ లెక్క మర్చిపోవద్దు. డిసెంబరు తెల్లవారుజాముకూ మే మధ్యాహ్నానికీ మన దగ్గర 30 డిగ్రీల తేడా ఉంటుంది. వంద మీటర్ల ఉక్కు వైరు ఆ తేడాకు మూడున్నర సెంటీమీటర్లు సాగుతుంది. మే ఎండలో వీణ తీగలా బిగిస్తే చలికాలంలో మూల కడీ ఒరుగుతుంది. ఉదయం తొమ్మిది, పది గంటలప్పుడు, చేత్తో నొక్కితే కొంచెం వంగి వెంటనే లేచేంత టెన్షన్ చాలు.

ముడి విషయానికొస్తే, హై టెన్సైల్ వైరును ప్లేయర్‌తో అటూ ఇటూ వంచితే అక్కడే విరుగుతుంది. ఎనిమిది అంకె ముడి నేర్చుకోండి, లేదా జీఐ క్లాంపులు వాడండి. ఊరికే కొక్కెంలా తగిలించిన జాయింటు వదులై చిటపటమంటుంది, అక్కడ పూత కాలిపోయి తుప్పు మొదలవుతుంది. రాగి వైరును జీఐకి కలపొద్దు, తడి తగిలితే జింకును తినేస్తుంది.

## 9. గేటు కింద

కంచె అంతా బాగా కట్టి గేటు దగ్గర ఇంటి వైరింగ్ ముక్క పూడ్చేస్తారు. ఇంటి వైరు తొడుగు 1,100 వోల్టులకు చేసినది, మన లైనులో ఆరేడు వేలు. మొదటి వానకే భూమిలోకి లీకు మొదలవుతుంది. దీనికి డబుల్ ఇన్సులేషన్ ఉన్న ఫెన్సింగ్ కేబుల్ వేరే దొరుకుతుంది. పీవీసీ పైపులో, అడుగు లోతులో వేసి, పైపు రెండు కొసలు కిందికి వంచండి. ట్రాక్టరు తిరిగే దారైతే అడుగున్నర.

## 10. ఏం తేడా వస్తే ఎక్కడ చూడాలి

- మిషన్ దగ్గర బాగుంది, దూరంలో పడిపోతోంది: జాయింట్లు, సన్న వైరు, లైన్లు చివర కలపకపోవడం.
- మిషన్ దగ్గరే తక్కువ: లైను విప్పి ఒట్టి మిషన్‌ను కొలవండి. అప్పుడు పెరిగితే కంచెలో ఎక్కడో లీకు.
- వాన రోజుల్లోనే తక్కువ: గడ్డి తాకుతోంది, లేదా ఇన్సులేటర్ పగిలింది. రాత్రి లైటు ఆపి నడిస్తే నీలి మెరుపు, టిక్కుమనే చప్పుడు పట్టిస్తాయి.
- ఎండాకాలంలోనే తక్కువ దెబ్బ: ఎర్తు. పైన ఏడో భాగం మళ్లీ చూడండి.
- పశువు తెలియక దూసుకుపోతోంది: వైరు కనిపించడం లేదు. మొదటి వారం తెల్ల గుడ్డ పేలికలు కట్టండి. కొత్త పశువులను రెండు రోజులు చిన్న గడిలో ఈ వైరుకు అలవాటు చేసి వదలండి.
- పక్కన హై టెన్షన్ లైను పోతోంది: దానికి సమాంతరంగా కంచె లాగొద్దు. దాటక తప్పకపోతే అడ్డంగా, వీలైనంత లంబకోణంలో దాటించండి.

దారి పక్కన ఉన్న వైపు పసుపు రంగు హెచ్చరిక బోర్డులు తెలుగులోనూ హిందీలోనూ కట్టించండి. మన తోటల్లో పనికి వచ్చేవాళ్లలో తెలుగు చదవలేని వాళ్లు చాలామంది ఉన్నారు. బోర్డు మీద మీ ఫోన్ నంబరు కూడా రాయండి, వైరు తెగి పడితే ముందు చూసేది దారిన పోయేవాళ్లే.